జిల్లా పేజీలో చెయ్యి

మొన్న ఆదివారం ఇంటికి రంగులు వేయిద్దామని చెక్క బీరువా పక్కకు జరిపితే వెనక గోడంతా చెదలు. సారపాకలో ఇల్లు కట్టుకున్ననాటి నుంచీ నాకూ చెదలకూ పడదు. ఇక్కడి మట్టిలోనే ఉందో, చుట్టూ కాగితం మిల్లు కోసం పెంచే జామాయిల్ తోటల్లో ఉందో ఆ గుణం, ఏటా ఏదో ఒకటి తినిగాని పోవు. ఒక ఏడు మా పెళ్లి ఆల్బమ్ తినేశాయి. మా ఆయన బాధపడకపోగా, "పోనీలే, సాక్ష్యం లేకుండ పోయింది" అన్నాడు. ఈసారి మాత్రం నాకు నవ్వులాటగా అనిపించలేదు. బీరువాలోవన్నీ నేల మీద కుమ్మరించి, చీరల మడతల్లోనూ పిల్లల సర్టిఫికెట్ల మధ్యనూ ఒకే ఒక్క ప్లాస్టిక్ కవరు కోసం వెతికాను. దొరికింది. చెద దాన్ని ముట్టలేదు. అప్పుడు గాని మంచినీళ్లు తాగలేదు నేను.

ఆ కవరులో ఉన్నది మా నాయన దాచిపెట్టుకున్న పాత పేపరులో ఒక ముక్క. జిల్లా పేజీ పై సగం. మా ఆయన ముప్ఫై ఏళ్లకు పైగా కాగితం మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. ఏ కాగితం కనబడినా రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూడందే ఊరుకోడు. పెళ్లి శుభలేఖ ఇస్తే పెళ్లికూతురి పేరు చదవడు, కాగితం మందం చెబుతాడు. ఈ ముక్కను మాత్రం నలపనివ్వను గనక దూరం నుంచే చూసి, "ఇంత నాసిరకం కాగితం నలభై ఏండ్లు ఎట్ల నిలిచిందే?" అన్నాడు. చూసిన ప్రతిసారీ ఆయన అనే మాట అదే. నా జవాబూ ఒకటే. "నిన్ను నిలుపుకోలే?" అంటాను.

పేజీ మధ్యలో ఒక ఫొటో. చుక్కలు చుక్కలుగా విడిపోతున్నా మనిషి తెలుస్తుంది. అది మా నాయనమ్మ. తల మీద కొంగు, ఎడమ చంకలో ఒక కోడి. ముఖం చిట్లించి, ఎవరినో తిట్టబోతున్నట్టు నోరు సగం తెరిచి ఉంటుంది. కింద, "వరదలో సర్వస్వం కోల్పోయి కన్నీరుమున్నీరవుతున్న వృద్ధురాలు" అని రాశారు. ఫొటో కుడి అంచున నాయనమ్మ కొంగు పట్టుకుని ఒక చిన్న చెయ్యి ఉండేది. ఆడపిల్ల చెయ్యి, మోచేతి దాకా. మిగతా పిల్ల ఫొటోలో పట్టలేదు. ఉండేది అని ఎందుకంటున్నానంటే ఇప్పుడు లేదు. ఆ చోట సిరా అరిగిపోయి బొటనవేలంత తెల్లమచ్చ మిగిలింది. ఫొటో కింద కాగితం అడ్డంగా చిరిగి ఉంటుంది. పోయిన సగం ఏ పల్లీల పొట్లానికో వాడి ఉంటారులే అనుకున్నాను గాని, దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ చెయ్యి నాదని నేనంటాను. కాదు తనదని పెనుబల్లిలో ఉండే మా అక్క అంటుంది. అప్పుడు నాకు ఏడేళ్లు, అక్కకు తొమ్మిది. ఇద్దరికీ మనవలు పుట్టే వయసొచ్చినా ఈ పంచాయితీ తెగలేదు. పేపరు భద్రంగా ఉందని చెప్పడానికి ఆ రోజు ఫోన్ చేస్తే, "నా చెయ్యి ఉన్న పేపరు గదా, చెద ఎట్ల ముడ్తది?" అంది. "నీ చెయ్యి అంత సన్నగ ఎప్పుడున్నదే?" అన్నాను. అసలు ఈ గొడవకు కారణం నాయనమ్మే. ఆమెను అడిగితే తేలిపోవాలి కదా. అక్కను పక్కకు పిలిచి, "గది నీ చెయ్యే, చిన్నదానికి చెప్పకు, ఏడుస్తది" అందట. నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని, "నీదే బిడ్డా, మీ అక్కకు చెప్పకు, అలుగుతది" అంది. ఆమె పోయిన పదేళ్లకు గాని ఈ సంగతి మా ఇద్దరికీ తెలియలేదు. అప్పటికి నిలదీయడానికి ఆమె లేదు.

అక్కకు ఇదంతా సరదా. నాకు పైకి సరదా, లోపల కాదు. ఎందుకంటే మా నాయన ఆ ఫొటో చూసే మా కోసం బయలుదేరాడు. ఫొటోలో ఉన్నది ఒక్క చెయ్యి, ఇంట్లో ఉన్నది ఇద్దరు ఆడపిల్లలం. ఆ చెయ్యి అక్కదని ఆయన అనుకుని ఉంటే, మా దగ్గరికి చేరేదాకా ఆ రెండు రోజులూ నేను చచ్చిపోయాననుకునే వచ్చి ఉండాలి. ఈ మాట నేను అక్కతో కూడా అనలేదు. ఆయనను అడుగుదామని చాలాసార్లు పక్కన కూర్చున్నాను. కూర్చుని, "కూర ఎట్లుంది నాయనా?" అని అడిగి లేచేదాన్ని. ఆయన పోయి ఆరేళ్లవుతోంది.

మా ఊరు గోదావరి అవతలి గట్టున, భద్రాచలం దాటి అడవిలోకి పోయే దారిలో ఉండేది. నేను చంటిపిల్లగా ఉన్నప్పుడే అమ్మ పోయింది. నాయన కొత్తగూడెం వైపు బొగ్గు బాయిలో పని చేసేవాడు. మా దిక్కు గనిని బాయి అనే అంటారు. క్వార్టరు ఇంకా రాలేదు గనక తోటి పనివాడొకాయనతో కలిసి ఒక కిరాయి గదిలో ఉండేవాడు. ఆయనను మేం బాబాయి అని పిలుస్తాం. నాయనకు సంతకం తప్ప చదువు రాదు. బాబాయి ఏడో తరగతి దాకా చదివాడు. అందుకని ఉత్తరాలు, నోటీసులు, పేపరు అన్నీ ఆయనే చదివి పెట్టేవాడు. మేమిద్దరం ఊళ్లో నాయనమ్మ దగ్గర పెరిగాం.

గోదారంటే నాయనమ్మకు భయం లేదు. "ఏటా వస్తది, గుమ్మం దాకా వచ్చి చూసి పోతది, చుట్టమే గదా" అనేది. ఆ ఏడు చుట్టం గుమ్మం దగ్గర ఆగలేదు. మధ్యాహ్నం అన్నాలు తింటుంటే వంటింట్లోకి నీళ్లొచ్చాయి. ఊరంతా మిట్ట మీది బడికి పరుగు పెట్టింది. తలా ఒకటి పట్టుకుని ఉరుకుతున్నారు, బియ్యం మూటో, ట్రంకు పెట్టో, మేకపిల్లో. నాయనమ్మ మాత్రం పొదిగే కోడిని చంకలో పెట్టుకుంది. గుడ్లు గంపలోనే మర్చిపోయింది. బడికి చేరాక గుర్తొచ్చి నెత్తి కొట్టుకుంది. కోడి కూడా ఆమెను క్షమించలేదు, ఉన్నన్ని రోజులు ఆమె చేతి గింజ ముట్టలేదు. ఇల్లు పోయిందని నాయనమ్మ ఏడవగా నేను చూడలేదు గాని, ఆ గుడ్ల ఊసెత్తితే మాత్రం చివరిదాకా కళ్లు తుడుచుకునేది.

బడిలో వారం రోజులున్నాం. పడవలో పులిహోర పొట్లాలు వచ్చేవి, రాని రోజు తడికట్టెలతో వరండాలోనే పొయ్యి పెట్టేవాళ్లు. ఆ పొగకు అందరి కళ్లూ ఎర్రగానే ఉండేవి. అట్లాంటి పూట ఒక పడవలో మెడలో కెమెరా వేసుకుని ఒకాయన దిగాడు. నాయనమ్మ ఆయన పేర్లు రాసుకునే సర్కారు మనిషి అనుకుని ఎదురెళ్లింది. తీరా ఆయన ఫొటో తీయబోతే, "అన్నం పెట్టనీకి వచ్చినవా, బొమ్మలు తియ్యనీకి వచ్చినవా?" అంటూ మొదలుపెట్టింది. ఆ నోరు తెరిచినప్పుడే ఫొటో పడింది. అప్పుడు మా ఇద్దరిలో ఒకరు ఆమె కొంగు పట్టుకుని ఉన్నాం, ఇంకొకరు పళ్లెం పట్టుకుని అన్నం వరసలో ఉన్నాం. కొంగు పట్టుకున్నట్టు నాకు స్పష్టంగా గుర్తు. అక్కకూ అంతే స్పష్టంగా గుర్తు. వరసలో నిలబడింది ఎవరో మాత్రం ఇద్దరికీ గుర్తులేదు. ఆ అన్నం మాత్రం ఇద్దరం తిన్నాం.

అక్కడ బాయి దగ్గర జరిగింది బాబాయి చెప్పగా విన్నదే. ఊరు మునిగిందని తెలిసినప్పటి నుంచి నాయన రోజూ షిఫ్టు దిగగానే బస్టాండుకు పోయేవాడట. బస్సులు లేవు. మా ఊరికి ఫోను ఎట్లాగూ లేదు. మూడో రోజో నాలుగో రోజో పొద్దున, క్యాంటీన్లో బాబాయి అందరికీ పేపరు చదివి వినిపిస్తున్నాడు. ఈ ఫొటో చూసి, "ఎవరో ముసలమ్మ, పాపం" అని పేజీ తిప్పబోతే నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గది మా అమ్మరా" అన్నాడు. కింద రాసింది చదవమన్నాడు. బాబాయి చదివాడు.

"సర్వస్వం అంటే ఏందిరా?"

"అంటే... అన్నీ."

"అన్నీ అంటే పిల్లలు గూడానా?"

అప్పుడే నాయన ఫొటో అంచున ఉన్న చెయ్యి చూశాడట. మా ఇంటికి వచ్చినప్పుడల్లా బాబాయి ఈ కథ మొదలుపెట్టేవాడు. ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడి దాకానే నడిచేది. "కన్నీరుమున్నీరు" అన్న మాట రాగానే నాయనమ్మ లోపలి నుంచి, "ఏడ్చిందెవర్రా? పొగ కండ్లల్ల పడితే నీళ్లు రావా? నా కోడి నా చంకల ఉండంగ నాకేం పోయిందని ఏడుస్త?" అని వచ్చి కూర్చునేది. ఆ తర్వాత కథ ఆమెది. బాబాయి నవ్వుకుంటూ టీ తాగి వెళ్లిపోయేవాడు. నాయన పక్కనే ఉండి కూడా ఒక్క మాట కలిపేవాడు కాదు.

నాయన వచ్చిన సాయంత్రం మాత్రం నాకు సొంతంగానే గుర్తుంది. సారపాక దాకా ఏదో లారీ ఎక్కి వచ్చాడట. వంతెన మీద ఎవరినీ వదలడం లేదని అక్కడే ఒక రోజంతా ఆగి, వదిలాక నడక. మోకాళ్ల దాకా బురద, చేతిలో బాయికి తీసుకుపోయే అన్నం డబ్బా. బడి గేటు దగ్గర నిలబడి గట్టిగా పిలిచాడు. అక్క పేరు పిలిచాడు. నా పేరు కాదు. అక్క ఉరికింది, వెనక నేనూ ఉరికాను. మమ్మల్నిద్దరినీ దగ్గరికి తీసుకుని అట్లాగే బురదలో కూర్చుండిపోయాడు. నాయనమ్మ వచ్చి, "తిన్నవారా?" అని మాత్రం అడిగింది. చీకటి పడకముందే మా ఇద్దరి మధ్య పడుకుని నిద్రపోయాడు. మర్నాడు భద్రాచలం పోయి ఎక్కడో బియ్యం సంపాదించుకుని వచ్చాడు. వచ్చాక ఆ అన్నం డబ్బా మూత తీశాడు. తినేదేదో తెచ్చాడని నేను ముందుగా చెయ్యి పెట్టాను. లోపల గాజులు. ఒక జత ఎర్రవి, ఒక జత ఆకుపచ్చవి. అన్నం కాదని నేను ఏడుపు లంకించుకున్నాను. ఆయన కంగారులో అక్కవి నాకు వేశాడు, నావి అక్క చేతికి ఎక్కించబోయాడు. అవి ఎక్కవు, ఇవి జారిపోతాయి. నాయనమ్మ గాజులు లాక్కుని, "ఆడపిల్లల తండ్రివి, గీ మాత్రం తెల్వదా?" అని సబ్బునీళ్లతో తనే వేసింది. ఆ రోజు బజారుకు పోయినప్పుడే వాటిని కొన్నాడని నేను నలభై ఏళ్లుగా అనుకుంటూ వచ్చాను.

వరద తర్వాత ఎవరి కాళ్లో పట్టుకుని క్వార్టరు సంపాదించి మమ్మల్ని బాయి దగ్గరికే తెచ్చుకున్నాడు. నాయనమ్మ, కోడితో సహా. ఆదివారాలు మమ్మల్ని బాయి గేటు దాకా తీసుకుపోయి దీపాల గది చూపించేవాడు. పనికి దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. బిళ్ళ ఇచ్చి తల దీపం తీసుకుని కిందికి పోవాలి, పైకి వచ్చి దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. మనిషి కిందున్నంతసేపూ బిళ్ళ గోడ మీది మేకుకు వేలాడుతుంది. షిఫ్టు అయిపోయాక ఒక్క బిళ్ళ మిగిలినా దీపాల గదిలో ఉండే ఆయన తన ఇంటికి పోడు. ఎవరొచ్చి ఏం చెప్పినా ఆ మనిషి తనంత తాను వచ్చేదాకా మేకు మీది బిళ్ళ ముట్టడు. నాకు ఆ గది ఇష్టంగా ఉండేది. గాలికి బిళ్ళలు గలగలమనేవి. ఆ గలగల వింటూనే నేను గేటు దగ్గరి పిలుపు తల్చుకుని లోలోపల అలిగేదాన్ని. అక్క పేరే ఎందుకు పిలిచాడు? అక్క ఉందని తెలుసు గనక, నేను లేననుకున్నాడు గనక. పెద్దయ్యాక ఆ అలుకకు మాటలు దొరికాయి గాని మందు దొరకలేదు.

చెదల సంగతి చూశాక మా ఆయన, "ఇట్ల ఎన్నేండ్లు దాస్తవు, కొత్తగూడెం పోయి లామినేషన్ చేయించుకరా" అన్నాడు. కాగితం గురించి ఆయన మాట కాదనను. గురువారం బస్సెక్కాను. వెళ్లినదాన్ని బాబాయిని చూడకుండా ఎట్లా వస్తాను? పిన్ని పోయాక కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఎనభై దాటినా చెవులు బాగానే పనిచేస్తాయి, మోకాళ్లే మొరాయిస్తున్నాయి. పేపరు తీసి ఆయన ఒళ్లో పెట్టాను. కళ్లజోడు సర్దుకుని ముందు కోడిని చూసి నవ్వాడు. "మీ నాయనమ్మ ఇప్పుడు లేదు గదా, ఇయ్యాల కథ మొత్తం చెప్పొచ్చు" అన్నాడు. ఆ మాట వినగానే నా నోటి నుంచి నలభై ఏళ్ల మాట ఊడిపడింది.

"బాబాయ్, ఆ చెయ్యి ఎవరిదనుకున్నడు నాయన?"

"ఏందే, గింత వయసొచ్చినంక అడుగుతున్నవ్?"

"గేటు కాడ అక్క పేరే పిలిచిండు. నా పేరు పిలువలే" అన్నాను. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న పంతులమ్మను, ఒకటో తరగతి పిల్లలాగా ముక్కు ఎగబీల్చాను.

"హాజరు మస్టరు పిలిచేటోడు రెండు పేర్లు ఒక్కసారే పిలుస్తడా? పెద్దదాన్ని ముందు పిలిచిండు. నీ పేరు వచ్చేలోపలనే నువ్వు ఉరికినట్టున్నవ్" అన్నాడు బాబాయి. తర్వాత, "మరి గాజులు చూసి గూడ నీకు తెల్వలేదా?" అన్నాడు.

"గాజులా? అవి మర్నాడు భద్రాచలంలో కొన్నవి గదా."

"గోదారి బజార్లకొచ్చిన నాడు గాజుల కొట్టు ఎవడు తెరుస్తడే పిచ్చిదానా?"

ఆ పొద్దున క్యాంటీన్లో నుంచి లేచి ఇద్దరూ బస్టాండు వైపు నడిచారట. ఎంత దాకా బస్సు పోతే అంత దాకా పోతానని నాయన. సాగనంపడానికి బాబాయి. బజారులో గాజుల కొట్టు కనబడగానే నాయన ఆగిపోయాడు. కొట్టులో ఉన్న ఆమెకు బొటనవేలూ చూపుడువేలూ గుండ్రంగా కలిపి, "గింతది ఒక జత, గింతది ఒక జత" అని చూపించాడట. తల్లి లేని పిల్లల తండ్రి, అంతకుముందు ఎన్నడూ గాజులు కొన్నవాడు కాదు. ఇంత చెప్పి బాబాయి కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"అప్పుడు నా నోటికి బుద్ధి లేదు బిడ్డా. అన్నా, ఫొటోల ఒక్క చెయ్యే గదా కనబడుతున్నది, రెండు జతలెందుకు, ముందుగాల పోయి చూడరాదే అన్న. మీ నాయన నన్ను తిట్టలే. మేకుకు రెండు బిళ్ళలున్నయిరా, నేను చూడకుండ ఒకటి ఎట్ల తీస్త అన్నడు. గంతే."

కొట్టులో చుట్టడానికి కాగితం లేదంటే నాయన ఈ పేజీనే మడిచి కింది సగం చింపి ఇచ్చాడట. డబ్బాలో అన్నం బాబాయికి ఇచ్చేసి, గాజుల పొట్లం అందులో పెట్టుకున్నాడు. "ఆ అన్నం నాకు గొంతు దిగలే" అన్నాడు బాబాయి. నేను పేపరు నా ఒళ్లోకి తీసుకుని చిరుగు అంచును వేలితో తడుముతూ కూర్చున్నాను. ఇన్నేళ్లూ ఆ తెల్లమచ్చనే చూశాను, అది ఎవరి చెయ్యో తేలితే చాలనుకుని. నాయన బొటనవేలితో అరగదీసిన చోటు అది. కింద ఆయన చింపిన చోటు ఉండనే ఉంది, నేనే పల్లీల పొట్లం అనుకున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. బాబాయి వద్దనలేదు. కోడలు టీ తెచ్చి, మా ఇద్దరినీ చూసి, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

లామినేషన్ చేసే అబ్బాయి పేపరు అటూ ఇటూ తిప్పి, "కింద అంచు వంకరున్నది మేడమ్, కట్ చేసి నీట్‌గ చేస్త" అన్నాడు. కత్తెర పక్కన పెట్టించి, పని అయ్యేదాకా వాడి నెత్తి మీదే నిలబడ్డాను. బస్సులో కూర్చున్నాక అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాను. నేను దాచుకున్నది కూడా చెప్పాను. ఫోను కట్టయిందేమోనని "అక్కా" అన్నాను.

"ఉన్ననే" అంది. ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. "అయితే ఇగ ఆ చెయ్యి నాదని ఒప్పుకుంటవా?"

"ఒప్పుకున్న. నీదే."

"ఏమో లేవే, నీదే అయ్యుంటది. పళ్లెం పట్టుకుని వరసల నిలబడింది నేనే అనుకుంట" అంది.

బస్సు పాల్వంచ దాటి సారపాక దారి పట్టింది. ఒళ్లో కవరులో పేపరు గట్టిపడి, ఇప్పుడు మడత పెట్టినా పడనట్టుంది. ఇదే దారిన అన్నం డబ్బాలో రెండు జతల గాజులు పెట్టుకుని నాయన మా ఇద్దరి దగ్గరికీ రెండు రోజుల్లో వచ్చాడు. ఆయన దగ్గరికి చేరడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.